ఆఖరి బండి అందే స్టేడియం

ఫుట్‌బాల్ స్టేడియం ఊరి నడిబొడ్డున ఉండాలా, ఊరి బయట ఉండాలా అన్నది బెంగళూరులోనూ హైదరాబాదులోనూ అప్పుడప్పుడు లేచే తగవు. నడిబొడ్డు పక్షం వాళ్లు మెట్రోనీ, బస్సుల్నీ, ఆట అయ్యాక తినడానికి దొరికే హోటళ్లనీ చూపిస్తారు. బయట పక్షం వాళ్లు ట్రాఫిక్కునీ, పార్కింగునీ, 2025 నాటి తొక్కిసలాటనీ చూపిస్తారు. రెండు పక్షాల వాళ్లూ నగరంలో కాపురం ఉండేవాళ్లే. ఈ తగవులో ఎవరూ పిలిచి అడగని వాళ్లు వేరే ఉన్నారు. తెల్లారకముందే మారికుప్పంలో బండెక్కి బెంగళూరు ఉద్యోగాలకు పోయి, చీకటి పడ్డాక ఇళ్లు చేరుకునే కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) జనం వాళ్లు. ఊరగాం వాళ్లూ, బంగారుపేట వాళ్లూ, టేకల్ వాళ్లూ, మాలూరు వాళ్లూ అంతే. ఇవాళ నేను మాట్లాడేది వాళ్ల వైపు నుంచి. వాళ్ల లెక్కలో బెంగళూరు నడిబొడ్డే దగ్గర, బెంగళూరు శివారే దూరం. వినడానికి ఇది తిరకాసుగా ఉంటుంది గానీ, రైలు పట్టాలు ఎటు పోతున్నాయో చూస్తే తెలిసిపోతుంది.

ముందు మన ఊరి సంగతి. కేజీఎఫ్‌కు నడిబొడ్డు ఏదంటే చెప్పడం కష్టం. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ పనిలోకి దిగాక, బంగారపు రాతి పొర ఎటు పోతే ఊరు అటే సాగింది. చాంపియన్ రీఫ్, ఊరగాం, నందిదుర్గం, మైసూరు మైన్. ఒక్కో గని చుట్టూ దాని షాఫ్టు, దాని కూలీల ఇళ్ల లైన్లు, దాని అంగళ్లు. 1894లో బంగారుపేట నుంచి మారికుప్పానికి రైలు వేశారు. ఆ పదహారు కిలోమీటర్ల కొమ్మ లైను మీద ఈనాటికీ కోరమండల్, బెమల్ నగర్, ఊరగాం, చాంపియన్, మారికుప్పం అని వరసగా స్టేషన్లున్నాయి. బండి వేగం అందుకునేలోపే ఇంకో స్టేషను వచ్చేస్తుంది. సంతకూ సరుకులకూ రాబర్ట్‌సన్‌పేట, అండర్సన్‌పేట. పనికి మాత్రం ఎవరి షాఫ్టు వాళ్లకు.

ఇట్లాంటి ఊళ్లో ఆటస్థలం ఎక్కడుండాలన్న ప్రశ్నే పుట్టలేదు. దొరలకు వాళ్ల క్లబ్బూ గోల్ఫ్ మైదానమూ ఉండేవి. జింఖానా మైదానం ఉండేది. కూలీల పిల్లలకు లైన్ల మధ్య ఖాళీ జాగా, నాలుగు ఇటుకలతో రెండు గోల్‌పోస్టులు. షిఫ్టు దిగి పైకొచ్చిన మనిషి మొహం కడుక్కుని ఆట దగ్గరికి నడిచే వెళ్లేవాడు. తమిళం మాట్లాడేవాళ్లు ఎక్కువ, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగు వాళ్లు ఉన్నారు, కన్నడం అందరికీ వచ్చు. బంతి వెనక పరిగెత్తేటప్పుడు అరిచే అరుపు ఏ భాషలో ఉన్నా అందరికీ అర్థమయ్యేది. ఆటకు టిక్కెట్టు కంటే ముఖ్యం, ఇంటికి నడిచి చేరగలగడం. ఆ సౌకర్యం ఉన్నన్నాళ్లూ దాని విలువ ఎవరూ గుర్తించలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఊరు కదలకుండానే బెంగళూరుకు శివారైపోయింది. వంద కిలోమీటర్ల దూరాన శివారేమిటని అడగొచ్చు. పొద్దున రెండు రెండున్నర గంటలు, సాయంత్రం మళ్లీ అంతే రైల్లో కూర్చుని రోజువారీ జీతం తెచ్చుకునే ఊరిని ఇంకేమనాలి? సీటు పట్టుకోవడానికి మారికుప్పం దాకా వెనక్కి పోయి ఎక్కేవాళ్లు ఉన్నారు. ఆ పెట్టెల్లో పేకాట జట్లు, భజన జట్లు, నిద్ర జట్లు వేరువేరు. ఫుట్‌బాల్ జట్టూ ఒకటి ఉంటుంది. నీలం జెర్సీ తొడుక్కున్న కుర్రాళ్లు శని ఆదివారాల్లో అదే బండిలో కనపడతారు, బెంగళూరు ఎఫ్‌సీ మ్యాచ్‌కు పోతూ.

ఆ ప్రయాణాన్ని కొంచెం దగ్గరి నుంచి చూద్దాం. కేజీఎఫ్‌లో ఎక్కిన మనిషి వైట్‌ఫీల్డులో దిగుతాడు. రైలు స్టేషను పక్కనే మెట్రో. 2023 మార్చిలో వైట్‌ఫీల్డు నుంచి కె.ఆర్.పురం దాకా పర్పుల్ లైను తెరిచారు, అదే ఏడాది అక్టోబరులో అది బైయ్యప్పనహళ్లితో కలిసింది. కబ్బన్ పార్కు స్టేషన్‌లో దిగి పార్కు అంచున ఇరవై నిమిషాలు నడిస్తే శ్రీ కంఠీరవ స్టేడియం. ఎక్కడా ఆటో వాడితో బేరమాడే పని లేదు. 2023కు ముందు ఇదే మనిషి కంటోన్మెంటులోనో సిటీ స్టేషనులోనో దిగి బస్సు పట్టుకునేవాడు. అదీ పెద్ద కష్టం కాదు. కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే. రాత్రి ఏడున్నరకు మొదలైన ఆట తొమ్మిదిన్నర దాకా సాగుతుంది. ఆ బండిలో ఒక కుర్రవాడు నాతో అన్నమాట: "చూసేకి పొయ్యేది కష్టం కాదన్నా, తిరిగొచ్చేదే. ఫస్టాఫ్ అంతా చూపు గోలు మీదుంటాది, సెకండాఫ్ అంతా ఫోన్లో టైము మీదుంటాది." మారికుప్పం బండి తప్పితే చెన్నై వైపు పోయే రాత్రి బండి పట్టుకుని బంగారుపేటలో దిగాలి. అక్కడి నుంచి కేజీఎఫ్‌కు ఆ వేళప్పుడు ఆటో దొరికితే అదృష్టం, దొరికినా వాడు అడిగిందే రేటు.

నడిబొడ్డు స్టేడియం ఉన్నప్పటి కథ ఇది. ఇప్పుడు స్టేడియాన్ని శివారుకు తీసుకుపోతే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, మచ్చు ఎదురుగానే ఉంది. 2025 జూన్ 4న బెంగళూరు నడిబొడ్డునున్న చిన్నస్వామి క్రికెట్ స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఐపీఎల్ కప్పు గెలిచిన జట్టును చూడ్డానికి వచ్చిన యువతే అందులో ఎక్కువమంది. ఆ తర్వాత వేసిన విచారణ కమిషన్, అంత జనం చేరే కార్యక్రమాలకు ఆ జాగా తగదని తేల్చింది. ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వం ఆనేకల్ వైపు, బొమ్మసంద్ర దగ్గర సూర్యనగర్‌లో 80 వేల మంది పట్టే క్రికెట్ స్టేడియానికి పచ్చజెండా ఊపింది. ఖర్చు 1,650 కోట్లని చెప్పారు. అది క్రికెట్‌కు. కానీ క్రికెట్ నడిచిన దారిలోనే మిగతా ఆటలూ నడవాలని అడిగే రోజు ఎంతో దూరంలో లేదు.

సరే, సూర్యనగర్‌కు మారికుప్పం మనిషి ఎట్లా పోవాలి? వైట్‌ఫీల్డులో పర్పుల్ లైను ఎక్కి మెజెస్టిక్ దాకా. అక్కడ గ్రీన్ లైనుకు మారి ఆర్.వి.రోడ్డు. అక్కడ యెల్లో లైనుకు మారి బొమ్మసంద్ర. ఆ లైను 2025 ఆగస్టులోనే మొదలైంది, అది లేకపోతే ఈ దారి కూడా లేదు. అక్కడి నుంచి స్టేడియానికి మళ్లీ ఏదో ఒక బండి. అంటే నడిబొడ్డుకు పోయి, నడిబొడ్డును దాటి, అటు చివరికి పోవాలి. ఆట అయ్యాక అదంతా తిరగెయ్యాలి. ఇదే సూర్యనగర్, మాలూరులో కారున్న ఆసామికి చాలా దగ్గర. బెంగళూరులో కాలు పెట్టకుండా అత్తిబెలె వైపు నుంచి పోయి చూసి రావచ్చు. శివారు స్టేడియం కొందరికి దగ్గరవుతుంది, నిజమే. ఆ కొందరు ఎవరన్నదే నా ప్రశ్న. కారున్నవాడికి దగ్గరై, రైలు పాసున్నవాడికి దూరమవుతుంది.

నడిబొడ్డు పక్షాన మాట్లాడుతున్నాను గనక దాని పాపం కూడా చెప్పాలి. బెంగళూరు నడిబొడ్డున ఆటలకు జాగా ఊరికే రాలేదు. కంఠీరవ స్టేడియం ఉన్నది సంపంగి చెరువులో. అశోక్ నగర్లో ఫుట్‌బాల్ స్టేడియం ఉన్నది శూలె చెరువులో. హాకీ స్టేడియం అక్కితిమ్మనహళ్లి చెరువులో. ఒక్కొక్క చెరువును ఎండగట్టి, పూడ్చి, గడ్డి నాటి, గ్యాలరీలు కట్టారు. జీవనదులు లేని కోలారు జిల్లాలో చెరువంటే ఏమిటో మనకు తెలుసు. ఇప్పుడు చిత్రమేమిటంటే, 2018 నుంచి కోరమంగల చల్లఘట్ట లోయ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మన జిల్లా చెరువుల్లోకి పంపుతున్నారు. ఆ శుద్ధి సరిపోతుందా లేదా అని రైతులు ఇంకా అడుగుతూనే ఉన్నారు. తన చెరువుల్లో ఆటలాడుకుంటున్న ఊరు, తను వాడిన నీళ్లతో మన చెరువులు నింపుతోంది! ఈ లెక్కన చూస్తే కంఠీరవ గ్యాలరీలో కోలారు వాడికి ఒక సీటు హక్కుగా రావాలి. సరదాకే అంటున్నాను, పూర్తిగా సరదా కాదు.

ఆ కంఠీరవలోనే ఇంకో తగవు. పాతిక వేల మంది దాకా పట్టే ఆ స్టేడియాన్ని 1997 జాతీయ క్రీడల కోసం తీర్చిదిద్దారు. అది మొదట పరుగుపందేల స్టేడియం. బెంగళూరు ఎఫ్‌సీ 2013లో పుట్టినప్పుడు అశోక్ నగర్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడింది, తొలి ఏడాదే ఐ-లీగ్ గెలిచింది, తర్వాత కంఠీరవకు మారింది. మ్యాచ్‌ల వల్ల మాకు ట్రాక్ దొరకడం లేదని అథ్లెట్లు కోర్టుకెక్కారు. వాళ్ల మాటలో న్యాయముంది. ట్రాక్ అవతల కూర్చున్న ప్రేక్షకుడికి బంతి అగ్గిపెట్టెంత కనిపిస్తుంది, అదీ నిజమే. కానీ దీనికి మందు ఫుట్‌బాల్‌ను ఊరవతలికి పంపడం కాదు. అశోక్ నగర్లో ఉన్న అసలు ఫుట్‌బాల్ స్టేడియాన్ని పెద్దది చేసి, పక్కాగా కట్టడం. అది మెట్రోకూ సిటీ బస్సుకూ నడక దూరంలోనే ఉంది.

హైదరాబాదు వాళ్లు ఈ దారిలో మనకంటే ముందే పోయి చూశారు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. రహీం సాబ్ శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చింది, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారు పతకం తెచ్చింది. ఆ కాలంలో ఆటకు చిరునామా ఫతే మైదానం, ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం. అటు పాతబస్తీ నుంచీ, ఇటు సికిందరాబాదు నుంచీ సైకిల్ తొక్కుకుంటూ రావచ్చు. 2002 జాతీయ క్రీడలకు గచ్చిబౌలిలో కొత్త స్టేడియం కట్టారు. అప్పటికి అది రాళ్లగుట్టల మధ్య. తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీ అక్కడే ఆడింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది, కరోనా కాలం కావడంతో ఆ ఫైనల్ గోవాలో జరిగింది. మూడేళ్లకే ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. దానికి డబ్బు కష్టాలు అసలు కారణం, స్టేడియం దూరం ఒక్కటే అనను. కానీ ఒకటి గమనించండి. హైదరాబాదులో తరతరాలుగా బంతాడే బస్తీలు బార్కస్ వైపు, లాలాగూడ వైపు ఉన్నాయి. స్టేడియం ఐటీ కంపెనీల పక్కకు పోయింది. మెట్రో రాయదుర్గంలో ఆగిపోయింది. బార్కస్ కుర్రవాడు రాత్రి మ్యాచ్ చూసి ఇల్లు చేరాలంటే ఊరంతా అడ్డంగా దాటాలి. ఆట ఎవరిదో, స్టేడియం ఎవరి పక్కనుందో, ఆ రెండింటికీ పొత్తు కుదరలేదు.

ఉప్పల్ కథ వేరే. క్రికెట్ లాల్ బహదూర్ స్టేడియం వదిలి ఉప్పల్ పోయినప్పుడు అదీ శివారే. అక్కడ తొలి వన్డే 2005 నవంబరులో. పన్నెండేళ్లు జనం బస్సుల్లో వేలాడారు. 2017లో మెట్రో వచ్చింది, స్టేడియం పేరుతోనే ఒక స్టేషను పెట్టారు. ఆ రోజు నుంచి ఉప్పల్ దూరం సగమైంది. కాబట్టి శివారును నేను మొత్తానికి కొట్టిపారేయడం లేదు. పట్టాలు ముందు వెయ్యండి, గ్యాలరీలు తర్వాత కట్టండి అంటున్నాను. మన దగ్గర ఎప్పుడూ వరస తలకిందులు.

లండన్లో ఈ వరసను నూరేళ్ల కిందటే పాటించారు. ఆర్సెనల్ క్లబ్బును 1886లో పెట్టింది వూల్విచ్ ఆయుధాల కర్మాగారం కార్మికులు, గని కార్మికుల్లాంటి వాళ్లే. ఊరికి ఓ మూలనున్న ఆ మైదానానికి జనం చాలినంత రావడం లేదని 1913లో క్లబ్బు ఉత్తర లండన్లోని హైబరీకి మారింది. అక్కడ పాతాళ రైలు స్టేషను అప్పటికే ఉంది. 1932లో ఆ స్టేషనుకే ఆర్సెనల్ అని పేరు మార్చారు. 2006లో కొత్త స్టేడియం కట్టుకున్నప్పుడు కూడా అదే పేటలో, నడక దూరంలోనే కట్టుకున్నారు.

అమెరికా లెక్క ఇంకో రకం. డల్లాస్ జట్టు 2005లో ఊళ్లోని కాటన్ బౌల్ వదిలి శివారులోని ఫ్రిస్కోకు పోయింది. ఫ్రిస్కో అంటే మనవాళ్లకు చెప్పక్కర్లేదు, అక్కడ తెలుగు ఇల్లు లేని వీధి వెతకాలి. వాళ్లకు ఆ స్టేడియం భేషుగ్గా ఉంటుంది, ఇంటికో రెండు కార్లు కాబట్టి. ఆ నమూనాను ఎత్తుకొచ్చి ఆనేకల్‌లో దింపితే కార్లు ఎవరు దింపుతారు?

శివారు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2023 మార్చి 4న కర్ణాటక ఫుట్‌బాల్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. మేఘాలయ మీద 3-2. 54 ఏళ్ల తర్వాత దక్కిన కప్పు, మైసూరు రాష్ట్రం పేరున ఆడిన రోజుల తర్వాత మళ్లీ అప్పుడే. ఆ ఫైనల్ ఎక్కడ జరిగిందో తెలుసా? సౌదీ అరేబియాలోని రియాద్‌లో. మన ఆటను ఇంతకంటే ఊరవతలికి పంపడం ఎవరి వల్లా కాదు.

ఇక కొందరు మిత్రులు చేసే సూచన ఒకటుంది. కేజీఎఫ్‌లోనే పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం కట్టకూడదా అని. గని కంపెనీ భూములు దాదాపు 12 వేల ఎకరాలు పడి ఉన్నాయి, బెంగళూరు చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పక్కనుంచే పోతోంది, ఇంకేం కావాలి అంటారు. ఊరి మీద ప్రేమతో అనే మాటే. నాకు మాత్రం నమ్మకం లేదు. ఆ భూముల్లో వెయ్యి ఎకరాలకు పైగా 13 సైనైడ్ దిబ్బలున్నాయి. వాటిలో మిగిలిన బంగారాన్ని తీయడానికి కేంద్రం వేలం వేస్తామంటే 2024 జూన్‌లో రాష్ట్రం సరేనంది. అంటే ఆ దిబ్బల్ని మళ్లీ తవ్వుతారు. గాలి కాలంలో ఆ ధూళి ఎట్లా లేస్తుందో కేజీఎఫ్ ఇల్లాళ్లను అడగండి. ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి. ఆడి వచ్చిన పిల్లల కాళ్లు చూస్తే మేజోడు ఎంతవరకు ఉందో అంతవరకే రంగు తేడా తెలుస్తుంది, పైన అంతా బూడిద రంగు. పైగా అడుగున మూడు కిలోమీటర్లకు మించిన లోతు దాకా సొరంగాలు, వాటి నిండా నీళ్లు. అంత భూమి ఉందని చెప్పేవాళ్లు ఆ భూమి ఎట్లా ఉందో చెప్పరు. ఏడాదికి గుప్పెడు మ్యాచ్‌ల కోసం బెంగళూరు జనం వంద కిలోమీటర్లు వస్తారనుకోవడం కూడా కలే.

మన ఊరికి కావలసింది వేరే. జింఖానా మైదానానికి గడ్డి, నీళ్లు. రాబర్ట్‌సన్‌పేట మునిసిపల్ మైదానంలో సాయంత్రం ఆరు దాటాక కూడా ఆడుకునేందుకు దీపాలు. లైన్ల మధ్య ఉన్న ఖాళీ జాగాలు ఎవరి పేరు మీదా రాసుకోకుండా కాపాడటం. ఆడేవాడికి నడక దూరం, చూసేవాడికి రైలు దూరం. ఆడే మైదానం కేజీఎఫ్‌లో, చూసే స్టేడియం బెంగళూరు నడుమ. ఈ రెండింటి మధ్య ఒక బండి తక్కువైంది, అంతే.

ఆ బండి సంగతే చివరిగా అడుగుతున్నాను. ఐపీఎల్ రోజుల్లో బెంగళూరు మెట్రో అర్ధరాత్రి దాటేదాకా నడుస్తోంది, తిరుగు ప్రయాణానికి ముందే టిక్కెట్లు అమ్ముతోంది. అదే మర్యాద ఫుట్‌బాల్ రాత్రులకూ దక్కితే, ఆఖరి మెట్రో వైట్‌ఫీల్డు చేరాక అక్కడి నుంచి మారికుప్పానికి ఒక ప్యాసింజరు వెయ్యమని నైరుతి రైల్వేను అడగవచ్చు. మాలూరు, టేకల్, బంగారుపేట, ఊరగాం అన్నింట్లో ఆగుతూ. ఐఎస్ఎల్ సీజనులో బెంగళూరు సొంతగడ్డ మీద ఆడేది గుప్పెడు మ్యాచ్‌లే. వాటి తేదీలు ముందుగానే తెలుస్తాయి, కాబట్టి రైల్వే వాళ్లకు ఏర్పాటు కష్టం కాదు. మన ఎంపీ, ఎమ్మెల్యేల దగ్గరికి పోయేటప్పుడు స్టేడియం అడగకండి, ఈ బండి అడగండి.